రోమన్ నాణేల వెంటపడ్డ యూరప్ పెద్దమనుషులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊళ్లో నాణేల మీద ఇష్టం ఉన్నవాళ్లం కొంతమందిమి నెలకోసారి కలుస్తాం. యూరప్‌లో రోమన్ నాణేల సేకరణ ఎలా మొదలైందన్న మాట ఎప్పుడొచ్చినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటికి జవాబులు ఒకచోట పెడితే బాగుంటుందని ఇవి రాశాను. ఎవరికి కావలసిన ప్రశ్న వాళ్లు నేరుగా చదువుకోవచ్చు.

## ముందుగా వచ్చే సందేహాలు

అసలు ఎవరు వీళ్లు? ఏ కాలం వాళ్లు?

సుమారు 1450 నుంచి 1800 దాకా జోరుగా సాగిన కథ ఇది. ఇటలీలో మొదలై ఫ్రాన్స్, స్పెయిన్, జర్మనీ, నెదర్లాండ్స్, ఇంగ్లండ్‌లకు పాకింది. రాజులు, పోప్‌లు, కార్డినల్స్ ఉన్నమాట నిజమే కానీ, సంఖ్యలో ఎక్కువ మంది లాయర్లు, డాక్టర్లు, వ్యాపారులు, చర్చి అధికారులు, భూస్వాములు. హ్యూబర్ట్ గోల్ట్‌జియస్ అనే చిత్రకారుడు ఊరూరా తిరిగి నాణేలు చూసి బొమ్మలు గీసుకున్నాడు. 1563లో పుస్తకం వేసినప్పుడు, తనకు సేకరణలు చూపించినవాళ్ల పేర్లన్నీ జాబితాగా అచ్చు వేశాడు. తొమ్మిది వందలకు పైగా పేర్లున్నాయి అందులో. రైళ్లు, ఫోన్లు లేని కాలంలో ఒకే పని మీద ఇంతమంది ఒకరినొకరు వెతుక్కున్నారంటే ఆ మోజు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

నాణేలను "మెడల్స్" అని ఎందుకు రాశారు? రెండూ ఒకటేనా?

ఆ రోజుల్లో పాత నాణేన్ని ‘మెడల్’ అనడం మామూలు మాట. ఇటాలియన్‌లో ‘మెడాల్యా’. అయితే ఈ పేరు వెనక పెద్ద వాదనే నడిచింది. 1555లో ఎనియా వికో వెనిస్‌లో వేసిన పుస్తకంలో ఇవి జనం చేతుల్లో తిరిగిన డబ్బేనన్నాడు. నాలుగేళ్ల తర్వాత, 1559లో, సెబాస్టియానో ఎరిజ్జో కాదన్నాడు. ఇంత అందంగా, ఇన్ని రకాల బొమ్మలతో చేసినవి సంతలో చెల్లే చిల్లర అయ్యుండవు, ఎవరి గౌరవార్థమో వేసిన పతకాలై ఉంటాయన్నది ఆయన వాదన. వికో మాటే నిలబడింది. పంచిపెట్టడానికి చేసిన పెద్ద పతకాలు రోమన్లకూ ఉండేవి కానీ, సేకరణల్లో దొరికేవి చాలావరకు బజారులో చెల్లిన నాణేలే.

పాత చిల్లర మీద అంత మోజు దేనికి? విగ్రహాలు, గుళ్లు ఉన్నాయి కదా?

విగ్రహానికి ముక్కు విరిగిపోతుంది, పేరున్న పీఠం పోతుంది. అది ఎవరిదో చెప్పేవాళ్లుండరు. గ్రంథాలను చేతితో నకలు రాసుకునేవాళ్లు కాబట్టి నకలు నకలుకీ తప్పులు పెరుగుతాయి. నాణెం అలా కాదు. ముఖం, ఆ ముఖం చుట్టూ పేరు, బిరుదులు, వెనక ఒక సంఘటన, అన్నీ ఆ రాజు బతికుండగానే ఆయన టంకశాలలోనే పడ్డాయి. పదిహేను వందల ఏళ్ల తర్వాత కూడా ఎవరూ తిరగరాయలేదు.

స్పెయిన్‌లో టారగోనా ఆర్చిబిషప్‌గా చేసిన ఆంటోనియో అగుస్తీన్ దీన్ని సూటిగా చెప్పాడు: రచయితలు రాసినదాని కంటే నాణేలనూ రాతి శాసనాలనూ తాను ఎక్కువ నమ్ముతానని. ఆయన పుస్తకం 1587లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, అచ్చయింది.

ముఖాల సంగతి వేరే చెప్పాలి. రోమన్ చక్రవర్తి నీరో నాణేలు వరసగా పేర్చి చూడండి. క్రీ.శ. 54లో పదహారేళ్ల కుర్రాడి సన్నటి మెడ కనిపిస్తుంది. పదేళ్లు గడిచేసరికి గడ్డం కిందకి జారి, మెడ దున్నపోతు మెడలా లావెక్కి, జుట్టు నుదుటి మీద అలలు అలలుగా దువ్వి ఉంటుంది. ఏ చరిత్రకారుడూ ఇలా చూపించలేడు. నా మటుకు నాకు నాణేల మీద ఇష్టం పుట్టింది ఈ ఒక్క వరస చూశాకే.

దీన్ని మొదలుపెట్టింది ఎవరు?

ఫలానా రోజు ఫలానా మనిషి అని చెప్పలేం కానీ, అందరూ తలుచుకునే పేరు ఇటలీ కవి పెట్రార్క్. ఆయన రోమ్‌లో ఉన్నప్పుడు ద్రాక్షతోటల్లో తవ్వుకునే కూలీలు దొరికిన నాణేలు పట్టుకొచ్చి, కొంటారా అనో, ఇందులో ఉన్నది ఎవరో చెప్పమనో అడిగేవాళ్లు. 1354లో మాంటువాలో జర్మనీ రాజు నాలుగో చార్లెస్‌ను కలిసినప్పుడు పెట్రార్క్ తన దగ్గరున్న రోమన్ బంగారు, వెండి నాణేలు కానుకగా ఇచ్చాడు. వాటిలో ఆగస్టస్ ముఖం ఉన్నదీ ఉంది. చార్లెస్ అప్పటికి ఇంకా రోమ్‌లో చక్రవర్తి కిరీటం పెట్టించుకోలేదు. ‘నువ్వు ఎవరి స్థానంలో కూర్చోబోతున్నావో చూసుకో, వీళ్లలా బతుకు’ అన్నది ఆ కానుక వెనకున్న మాట. నాణెం అంటే నడవడి నేర్పే ముఖం అన్న భావన ఆ తర్వాత మూడొందల ఏళ్లు పోలేదు.

ఇది డబ్బున్న మగవాళ్ల వ్యవహారమేనా?

ఎక్కువగా మగవాళ్లదే, కానీ వాళ్లది మాత్రమే కాదు. మాంటువా పాలకుడి భార్య ఇసబెల్లా దెస్తే, స్వీడన్ రాణి క్రిస్టీనా పేరున్న సేకరణలు పెట్టారు. పద్నాలుగో లూయీ తమ్ముడి భార్య ఎలిజబెత్ షార్లెట్ తన బంగారు నాణేల గురించి ఉత్తరాల్లో ఎంతో మురిపెంగా రాసుకుంది. డబ్బు విషయానికొస్తే, పాలరాతి విగ్రహం కొనలేని ఊరి డాక్టరు కూడా అరిగిన కంచు నాణేలు నాలుగు కొనగలడు. ఇంత మందికి అంటుకోవడానికి పెద్ద కారణం అదే.

## నాణేలు చేతికి రావడం

అన్ని నాణేలు వాళ్లకు ఎక్కడ దొరికేవి?

భూమిలోనే. దున్నుతుంటే, పునాది తవ్వుతుంటే, బావి తీస్తుంటే బయటపడేవి. రోమన్లు బ్రిటన్ నుంచి సిరియా దాకా ఏలారు కాబట్టి, యుద్ధభయంతో పాతిపెట్టి తిరిగి రాలేకపోయినవాళ్ల లంకెబిందెలు ఆ నేలంతా ఉన్నాయి. దొరికినవి ముందు కంసాలి దగ్గరికి వెళ్లేవి. కరిగించేలోపు అక్కడికి చేరుకోవడమే తెలివైన సేకరణకర్త పని.

17వ శతాబ్దంలో ఫ్రాన్స్ ప్రభుత్వం తూర్పు మధ్యధరా రేవుల్లో ఉన్న తన ప్రతినిధుల చేత, ప్రయాణికుల చేత నాణేలు కొనిపించింది. వెయ్యిన్నొక్క రాత్రుల కథలను ఫ్రెంచిలోకి తెచ్చిన ఆంత్వాన్ గలాన్ అలా తిరిగినవాడే. కథల వల్ల పేరొచ్చింది కానీ, ఆయన మంచి నాణేల పండితుడు కూడా.

ఒక డాక్టర్ నాణేలు మింగేశాడంటారు, నిజమేనా?

నిజంగా జరిగిన కథగానే అప్పటినుంచీ రాస్తూ వచ్చారు. ఆయన పేరు జాన్ ఫోయ్-వైయాన్ (1632–1706). చదివింది వైద్యం. ఉత్తర ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర ఒక రైతుకు పొలంలో దొరికిన రోమన్ నాణేలు ఆయన దగ్గరికి రావడంతో జీవితం మారిపోయింది. పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ ఆయన్ను రాజుగారి సేకరణ కోసం దేశాలు తిప్పాడు.

1674లో మార్సెయ్‌లో ఓడెక్కాడు. దారిలో అల్జీర్స్ సముద్రపు దొంగలు ఓడను పట్టుకున్నారు. నాలుగు నెలలకు పైగా బందీగా ఉన్నాడు. వదిలేటప్పుడు, లాక్కున్న బంగారు నాణేల్లో కొన్ని తిరిగి ఇచ్చారు. ఇంటికి వస్తుంటే మళ్లీ ఒక దొంగల ఓడ వెంటపడింది. వైయాన్ ఇంకేమీ ఆలోచించకుండా ఆ బంగారు నాణేలు మింగేశాడు. రోమన్ బంగారు నాణెం ఆరియస్ ఒక్కొక్కటి దాదాపు ఏడు గ్రాములుంటుంది. అలాంటివి గుప్పెడు కడుపులో పడ్డాయన్నమాట. అదృష్టం బాగుండి ఆ ఓడ తప్పిపోయింది.

ఒడ్డుకు చేరాక ఇద్దరు డాక్టర్లను అడిగాడు. ఒకాయన విరేచనాల మందన్నాడు, ఒకాయన వాంతుల మందన్నాడు. ఇద్దరికీ కుదరకపోయేసరికి, తనూ డాక్టరే కాబట్టి, ఏ మందూ వేసుకోకుండా ప్రయాణం సాగించాడు. నాణేలు వాటంతట అవే బయటికి వచ్చాయి. లియోన్‌లో సేకరణకర్త అయిన మిత్రుడొకాయన, ఇంకా బయటికి రాని నాణేనికే బేరం పెట్టుకున్నాడని కూడా చెబుతారు. ఇంత ప్రమాదం జరిగినా వైయాన్ మళ్లీ ఓడెక్కాడు. ఈజిప్టు, పర్షియాల దాకా వెళ్లొచ్చాడు.

అందరూ కోరుకున్న, ఎవరికీ దొరకని నాణెం ఏది?

కంచుతో చేసిన ఓథో చక్రవర్తి నాణెం. జూలియస్ సీజర్ నుంచి డొమీషియన్ దాకా ‘పన్నెండుమంది సీజర్ల’ వరస పూర్తి చేయడం ప్రతి సేకరణకర్తకూ మొదటి కోరిక. ఆ పన్నెండుమందిలో ఓథో 69లో మూడు నెలలే ఏలాడు. బంగారు, వెండి నాణేలు వేయించాడు. కానీ రోమ్ టంకశాలలో ఆయన పేరిట కంచు, ఇత్తడి నాణేలు పడలేదు. ఆనాటి సిరియాలోని ఆంటియోక్ లాంటి చోట్ల పడ్డవి కొన్నే ఉన్నాయి. బీరువా సొరుగులో పదకొండు గుంటల్లో పెద్ద కంచు నాణేలు కూర్చుని, పన్నెండో గుంట ఖాళీగా కనబడుతుంటే మనసు ఊరుకుంటుందా? ఆ ఖాళీని నింపడానికి నకిలీలు చేసేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అందుకే పాత సేకరణల్లో రోమ్‌లో పడ్డ కంచు ఓథో కనబడితే అది నకిలీయే.

## చదవడం, సర్దడం

నాణెం మీద ఆ ముక్కలు ముక్కల రాత ఎలా చదివేవారు?

ఒక నాణెం తీసుకుని చూద్దాం. వెస్పేసియన్ చక్రవర్తి వేయించిన సెస్టర్షియస్ అనే నాణెం. ఇత్తడిది, సుమారు 33 మిల్లీమీటర్ల వెడల్పు, 25 గ్రాముల బరువు. మన తాతల కాలపు వెండి రూపాయి కంటే కాస్త పెద్దది, బరువు రెండింతల పైమాటే.

బొమ్మ వైపు బట్టతల, మందపాటి మెడ, ముడతలు పడ్డ నుదురు, తలకు ఆకుల దండ. చుట్టూ ఉన్న రాతను అక్షరాలుగా చదివితే ‘ఇంప్ కేస్ వెస్పేసియన్ ఔగ్ పి ఎం టిఆర్ పి పి పి కాస్ 3’. ‘ఇంప్’ అంటే ఇంపరేటర్, సేనాధిపతి. ‘కేస్’, ‘ఔగ్’ అంటే సీజర్, ఆగస్టస్. ‘పి ఎం’ ప్రధాన పూజారి. ‘టిఆర్ పి’ ప్రజల తరఫు అధికారం, దీన్ని ఏటా లెక్కపెట్టుకునేవాళ్లు. ‘పి పి’ దేశానికి తండ్రి. ‘కాస్ 3’ అంటే మూడోసారి కాన్సల్, అంటే రోమ్‌లో అత్యున్నత అధికారి. ఈ చివరి ముక్కే తాళంచెవి. వెస్పేసియన్ మూడోసారి కాన్సల్ అయింది 71లో. నాణేనికి తేదీ దొరికింది.

బొరుసు వైపు ఖర్జూరపు చెట్టు. చెట్టు కింద తల చేత్తో పట్టుకుని కూలబడ్డ స్త్రీ. రెండో పక్క ఈటె పట్టుకుని నిలబడ్డ చక్రవర్తి. చుట్టూ ‘యూడియా కాప్టా’, అంటే యూదయ చిక్కింది అని. అంతకు ముందు ఏడాది జెరూసలేం కూలింది. కింద ‘ఎస్ సి’ అనే రెండక్షరాలు, సెనేట్ ఆజ్ఞ మీద వేసినదని. లాటిన్ కొద్దిగా వచ్చినవాళ్లు కూడా పది బిరుదుల పొడి అక్షరాలు నేర్చుకుంటే వందల నాణేలు చదివేయగలిగేవాళ్లు.

నాణేలు చూసి చరిత్ర తెలుసుకున్నారంటే ఎంతవరకు నమ్మొచ్చు?

చాలా వరకు నమ్మొచ్చు, కళ్లు మూసుకుని మాత్రం కాదు. రోమ్‌లోని జానస్ దేవుడి గుడి ఆనవాలు లేకుండా పోయింది. అది ఎలా ఉండేదో ఈరోజు మనకు తెలుస్తున్నది నీరో నాణేల వల్లే: మూసిన రెండు తలుపులు, పైన వేలాడే దండ, పక్కన కిటికీ జాలీ. టైటస్ చక్రవర్తి నాణెం మీద కొలోసియం క్రీడారంగం జనంతో కిక్కిరిసి ఉంటుంది. సీజర్‌ను చంపిన బ్రూటస్ వేయించిన వెండి నాణెం మీద రెండు బాకులు, మధ్యన బానిసత్వం వదిలించుకున్నవాళ్లు పెట్టుకునే టోపీ, కింద హత్య జరిగిన తేదీ ఉన్నాయి. కాషియస్ డియో తన చరిత్రలో ఈ నాణెం గురించి రాశాడు. రాత, నాణెం రెండూ కలిసిన చోట ఆ పెద్దమనుషులకు కలిగిన ఆనందం నాకు బాగా అర్థమవుతుంది.

కానీ నాణెం వేయించింది అధికారంలో ఉన్నవాడు. అంతర్యుద్ధం రగులుతున్న రోజుల్లో ఓథో తన నాణేల మీద ‘లోకమంతా శాంతి’ అని రాయించాడు. అది జరిగిన సంగతి కాదు, జనం నమ్మాలని ఆయన కోరుకున్న సంగతి. తొలితరం సేకరణకర్తలు చాలామంది ఈ తేడా గమనించలేదు.

ఆ నాణేల బొమ్మలు వాళ్ల జీవితాల్లోకి కూడా వచ్చాయా?

వచ్చాయి. వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పుస్తకాల మీద ఒక గుర్తు ఉంటుంది, లంగరుకు చుట్టుకున్న డాల్ఫిన్. టైటస్ కాలపు వెండి నాణెం మీద ఉన్న బొమ్మ అది. ఆ నాణేన్ని ఆల్డస్‌కు ఇచ్చింది ఆయన మిత్రుడు పియెత్రో బెంబో. కదలని లంగరు, దూసుకుపోయే చేప కలిపితే ‘నిదానంగా తొందరపడు’ అన్న నీతి అని పండితుడు ఎరాస్మస్ వివరించాడు.

ఆ పియెత్రో తండ్రి బెర్నార్డో బెంబోకీ నాణేల పిచ్చి ఉండేది. చిత్రకారుడు మెమ్లింగ్ గీసిన ఒక చిత్రంలో నల్ల టోపీ పెట్టుకున్న యువకుడు నీరో సెస్టర్షియస్‌ను రెండు వేళ్లతో మనకు చూపిస్తూ ఉంటాడు. ఆయనే బెర్నార్డో అని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ చిత్రం ఇప్పుడు ఆంట్వెర్ప్‌లో ఉంది.

ఇంకో అడుగు ముందుకేసి, తమ ముఖాలతోనే పతకాలు చేయించుకున్నారు. 1438 ప్రాంతంలో ఇటలీ కళాకారుడు పిసానెల్లో బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదో జాన్ ముఖంతో చేసిన పతకం ఈ వరసలో మొదటిది.

ఇంట్లో వాటిని ఎలా సర్దుకునేవారు?

పలచని సొరుగులున్న చెక్క బీరువా. ప్రతి సొరుగులో నాణెం సైజుకు తగ్గ గుండ్రటి గుంటలు, గుంట అడుగున చీటీ. బంగారం ఒక వరస, వెండి ఒక వరస. కంచు, ఇత్తడివి మాత్రం పెద్దవి, మధ్యరకం, చిన్నవి అని మూడుగా. చక్రవర్తులను కాలక్రమంలో పెట్టేవారు. అంతకు ముందు గణతంత్ర కాలపు నాణేల మీద రాజులుండరు, వేయించిన అధికారి ఇంటిపేరు ఉంటుంది. అందుకని రోమ్‌లో ఫార్నేజే కుటుంబం గ్రంథాలయం చూసుకున్న ఫుల్వియో ఓర్సీని 1577లో వాటిని కుటుంబాల వారీగా విడదీసి పుస్తకం వేశాడు. ఆ పద్ధతి తర్వాత మూడు శతాబ్దాలు నడిచింది.

పాత నాణేలను తోమి మెరిపించేవారా?

తెలియనివాళ్లు తోమారు, తెలిసినవాళ్లు వద్దన్నారు. కంచు మీద వందల ఏళ్లకు పట్టే చిలుము పచ్చగా, నున్నగా, గాజుపూత పూసినట్టు ఉంటే దాన్నే ఎంతో ఇష్టపడేవాళ్లు. పాతదనానికి అది సాక్ష్యం, అక్షరాలకు రక్షణ. ఇది ఈరోజుకీ వర్తించే మాట. చింతపండు పెట్టి తోమితే ఆ నాణెం విలువ, చదవగలిగే రాత రెండూ పోతాయి.

## నకిలీల బెడద

అప్పట్లో కూడా నకిలీలు ఉండేవా?

సేకరణ ఎంత పాతదో నకిలీ అంత పాతది. అందరికంటే పేరుపడ్డవాడు పాడువా ఊరివాడైన జొవాన్ని కావినో (1500–1570). పండితుడైన అలెస్సాండ్రో బస్సియానో సాయంతో రోమన్ సెస్టర్షియస్‌లను పోలిన అచ్చులు చెక్కి నాణేలు కొట్టాడు. వాటిని ఇప్పటికీ ‘పాడువన్లు’ అంటారు. ఆయన అచ్చులు పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఆయన్ను మోసగాడని ఒక్క మాటతో తేల్చేయడానికి నాకు మనసొప్పదు. వికో 1555లోనే ఆయన పేరు అచ్చులో రాశాడు, నేర్పును మెచ్చుకుంటూనే. అంటే కావినో పని రహస్యం కాదు. ప్రాచీనుల పనితనంతో పోటీపడి చేసినవాటిని, చేతులు మారాక, ఎవరో అసలువని అమ్మారు. కావినో ఉద్దేశం ఏదైనా, మోసపోయినవాళ్లు మాత్రం చాలామంది.

నకిలీని ఎలా పట్టుకునేవారు?

మొదట చూడాల్సింది అంచు. రోమన్ నాణేన్ని వేడిచేసిన లోహపు బిళ్ల మీద సుత్తితో అచ్చు కొట్టి చేస్తారు. దెబ్బకు లోహం బయటికి పారుతుంది, అంచు చిట్లుతుంది, బిళ్ల కచ్చితమైన గుండ్రంగా రాదు. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ రెండు మూసలు కలిసిన గీత ఉంటుంది. దాన్ని దాచడానికి ఆకురాయి పెట్టి రుద్దుతారు, ఆ గీతలు మిగిలిపోతాయి. తర్వాత అక్షరాలు. పోతలో అక్షరాల మొనలు కరిగినట్టు మెత్తబడతాయి, పక్కన సూదిమొనంత గుంటలు పడతాయి. తర్వాత తూకం.

నేను మొదట కొన్న డెనేరియస్ అనే రోమన్ వెండి నాణెం ఇలాంటిదే. ఒక ప్రదర్శనలో హేడ్రియన్ చక్రవర్తి నాణెమని అమ్మారు. ముఖం ఎంతో బాగుందని తీసుకున్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి అంచు తిప్పుతుంటే సన్నని గీత ఒకటి పూర్తిగా చుట్టి వచ్చింది. తూకం వేస్తే 2.6 గ్రాములు. ఆ కాలపు డెనేరియస్ మూడు గ్రాముల పైన ఉండాలి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇప్పుడు ఎవరు ఏ నాణెం చేతిలో పెట్టినా నేను ముఖం కంటే ముందు అంచు చూస్తాను.

కావినో చేసినవి పోతవి కావు, అచ్చు కొట్టినవి. వాటిని పట్టించేది మరీ చక్కదనం. బిళ్ల పలచగా, అందంగా గుండ్రంగా ఉంటుంది, అక్షరాలు కొలిచి పేర్చినట్టుంటాయి. వీటికి తోడు, అసలు నాణేన్నే చెడగొట్టే రకాలున్నాయి. చౌక నాణెం మీద రెండక్షరాలు గీకి అరుదైన చక్రవర్తిని చేయడం, రెండు నాణేలను సగానికి అరగదీసి ఒకదాని బొమ్మకు ఇంకోదాని బొరుసు అతికించడం లాంటివి.

పాత పుస్తకాల్లో బొమ్మ ఉందంటే ఆ నాణెం నిజంగా ఉన్నట్టేనా?

కాదు. ఇది చాలామందిని బోల్తా కొట్టించే విషయం. గోల్ట్‌జియస్ వందల ఇళ్లు తిరిగి చూసినవాడే, అయినా ఆయన బొమ్మల్లో ఎక్కడా లేని నాణేలున్నాయి. కొన్నిచోట్ల చరిత్ర చదివి, ఇలాంటి నాణెం ఉండి ఉంటుందని గీసేశాడు. ఇటలీ వాస్తుశిల్పి పిర్రో లిగోరియో కూడా అంతే. లాటిన్ రాకుండానే నలభై పుస్తకాలకు పైగా రాశాడని మిత్రుడైన అగుస్తీనే అన్నాడు. బొమ్మ అచ్చులో చూసి నమ్మడం కాదు, నాణెం చేతిలోకి తీసుకుని చూడాలన్న పట్టుదల పెరిగింది ఈ అనుభవాల వల్లే.

## ఆ తర్వాత

ఈ సేకరణలన్నీ చివరికి ఏమయ్యాయి?

చాలావరకు చెదిరిపోయాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్ పట్టణంలో ఉండి సగం యూరప్‌తో ఉత్తరాలు నడిపిన పైరెస్క్ 1637లో పోగానే ఆయన నాణేలు అమ్ముడుపోయాయి. నిలిచినవి ప్రజల చేతికి వచ్చినవే. ఫ్రాన్స్ రాజు తమ్ముడు గాస్తోన్ ఇచ్చిపోయిన నాణేలు 1660లో పద్నాలుగో లూయీ సేకరణలో కలిశాయి, అవి ఇప్పుడు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. లండన్ డాక్టరు హాన్స్ స్లోన్ 1753లో పోయేనాటికి సుమారు 32,000 నాణేలు, పతకాలు కూడబెట్టాడు. బ్రిటిష్ మ్యూజియం పుట్టింది ఆయన సేకరణతోనే. ఇంకో డాక్టరు విలియం హంటర్ నాణేలు గ్లాస్గోకు చేరాయి.

మ్యూజియంలో ఉన్నా భయం తప్పదు. 1831 నవంబరులో పారిస్ సేకరణలో దొంగలు పడి రెండు వేలకు పైగా బంగారు వస్తువులు ఎత్తుకెళ్లారు. చాలావాటిని దొరికేలోపే కరిగించేశారు.

ముచ్చటగా మొదలైంది శాస్త్రం ఎప్పుడైంది?

వియన్నాలో రాజుగారి నాణేలు చూసుకున్న యోసెఫ్ ఎకెల్ 1792 నుంచి 1798 వరకు ఎనిమిది సంపుటాలు వేశాడు. గ్రీకు నాణేలను దేశాల వారీగా, రోమన్ నాణేలను కాలక్రమంలో పెట్టి, గోల్ట్‌జియస్ లాంటివాళ్ల ఊహలను ఏరి పక్కన పడేశాడు. ఎనిమిదో సంపుటం వచ్చిన ఏడాదే ఆయన కన్నుమూశాడు.

మన తెలుగు నేలకు ఈ కథతో సంబంధం ఉందా?

ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధం. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుకలకు తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్ఫైకి పైగా ఆర్కాటు నవాబు కొడుకు అమీర్-ఉల్-ఉమ్రా చేతికి వచ్చాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిని చూపిస్తే ఆయన రెండు ఎంచుకున్నాడు, ఒకటి హేడ్రియన్‌ది, ఒకటి ఫౌస్టీనా రాణిది. చాలా నాణేలు టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టున్నాయనీ, కొన్నింటికి ఆభరణాల్లా వేసుకున్నట్టు చిల్లులున్నాయనీ ఆయన ఉత్తరం రాశాడు. 1790లో ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ అనే పత్రిక రెండో సంపుటంలో అది అచ్చయింది. రోమ్ ద్రాక్షతోటల్లో పెట్రార్క్ చూసిన దృశ్యమే నాలుగొందల ఏళ్ల తర్వాత నెల్లూరు పొలంలో జరిగింది.

ఆ చిల్లుల మాట చదివినప్పుడల్లా నాకు కాసులపేరు గుర్తొస్తుంది. బంగారు నాణేన్ని మెడలో వేసుకోవడం మనకు ఈనాటి అలవాటు కాదు. మన పాత కావ్యాల్లో వినిపించే ‘దీనారం’ కూడా రోమన్ డెనేరియస్ నుంచి వచ్చిన మాటే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో వెండి డెనేరియస్‌లు పదిహేను వందలకు పైగా ఒకేచోట దొరికాయి. మిరియాలు, సన్నబట్ట, రత్నాల కోసం రోమ్ మన దేశానికి పంపిన డబ్బు ఇది. ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియాకే పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయింది దీని గురించే.

మా పొలంలో ఇలాంటివి దొరికితే ఏం చేయాలి?

కడగొద్దు, తోమొద్దు, కంసాలికి చూపించొద్దు. ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి, ఏ చోట, ఎంత లోతున, ఏ కుండలో దొరికిందో కాగితం మీద రాసుకోండి. భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే దారి చెబుతారు. కుండ పెంకులు కూడా పారేయకండి. నాణెం ఎవరిదో దాని మీదే రాసి ఉంటుంది కానీ, దాన్ని అక్కడ ఎప్పుడు పాతిపెట్టారో చెప్పేది చాలాసార్లు ఆ పెంకులే.